తూమెడు చరిత్ర

రెండ్రోజుల సెలవు దొరికితే పోయిన నెల్లో హన్మకొండ వెళ్లాను. పొద్దున్నే షవరు తిప్పి ఐదు నిమిషాలు కాలేదు, నీళ్లు చీలమండల దాకా వచ్చేశాయి. పైన సబ్బు నురగ, దాని మీద తేలుతూ ఓ ఖాళీ షాంపూ పాకెట్టు. అచ్చం చిన్న సైజు చెరువు. జాలీని కాలితో నాలుగు తన్నులు తన్నాను. గుడగుడమంటూ ఓ బుడగొచ్చింది. అంతే.

బయటికొచ్చి చెబితే అమ్మ తేలిగ్గా తీసిపారేసింది. 'తూముల ఎంటికలు ఇరుక్కున్నయ్ బిడ్డా. జాలీ తీసి చెయ్యి పెడితే అయిపోతది'.

చెయ్యి పెట్టటమా! నాబోటి సాఫ్ట్‌వేర్ గాళ్లకి ఏ సమస్యకైనా ముందు రీస్టార్టు, తర్వాత ప్యాచ్. చెయ్యి పెట్టటమనేది ఆఖరి అస్త్రం. బజారుకెళ్లి తూములు శుభ్రం చేసే పొడి కొనుక్కొచ్చి, పాకెట్టు మీద చెప్పినదానికి రెట్టింపు వేసి, పైనుండి సలసల కాగే నీళ్లు ఒలకబోశాను. పొగొచ్చింది, ఘాటైన వాసనొచ్చింది, కళ్లల్లో నీళ్లొచ్చాయి. నిలిచిన నీళ్లు మాత్రం ఎక్కడివక్కడే.

మధ్యాహ్నానికి ప్లంబరొచ్చాడు. అరవయ్యేళ్ల పెద్దాయన. చేతిలో ఉన్నవి రెండే: ఓ స్క్రూ డ్రైవరు, కొస వంచిన ఇనప తీగ. నేను చేసిన ఘనకార్యం వినగానే బకెట్లతో నీళ్లు కొట్టించి, రబ్బరు తొడుగులు వేసుకుని, జాలీ లేపి తీగ లోపలికి దించి మెలిపెట్టి లాగాడు. ఎలుకంత వెంట్రుకల ఉండ బయటికొచ్చింది. తెల్లగా జిగటగా సబ్బు పేరుకుని ఉంది దాని నిండా. వెనకే భళ్లున నీళ్లు దిగిపోయాయి. మొత్తం పని రెండు నిమిషాలు.

'వానాకాలం కూడా ఇట్లనే అవుతది, అదెందుకు?' అని అమ్మ అడిగింది. ఆయన వీధి వైపు చూపించి, 'అమ్మా, లోపలిది నేను తీసిన. బయటిది ఎవరు తీయాలె?' అన్నాడు.

ఈ గోలంతా ఆ ప్రశ్న గురించే.

* * * *

ముందు లోపలి సంగతి. జాలీ కింద ఉండేదాన్ని మన ప్లంబర్లు నానీ ట్రాప్ అంటారు. నానీ అంటే హీరోగారు కాదు. నహానా అంటే హిందీలో స్నానం చెయ్యటం. స్నానాల గదిలో పెట్టే నహానీ ట్రాప్ మన నోళ్లలో నలిగి నానీ అయింది. అదో వంపు. వాడిన నీళ్లలో సుమారు రెండంగుళాల లోతు నీరు ఎప్పుడూ అందులో నిలిచి ఉంటుంది. మురుగు వాసనా, బొద్దింకలూ పైకి రాకుండా ఆపేది ఆ నీరే. నీళ్లకి నీళ్లే మూత అన్నమాట. అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు 1775లో లండన్లో ఇలాంటి వంపుతో మరుగుదొడ్డికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ వంపులో కదిలే మరా లేదు, చక్రమూ లేదు. రెండున్నర శతాబ్దాలుగా ప్రపంచంలో సగం ఇళ్లని కంపు నుండి కాపాడుతున్నది అలాంటి ఓ వంకర గొట్టం.

అయితే ఓ తిరకాసుంది. వాసనని ఆపే వంపు, వెంట్రుకనీ ఆపుతుంది. ఒక్క వెంట్రుక చిక్కుకుంటే దానికి ఇంకో పది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెల్లటి జిగురవుతుంది. ఆ జిగురే సున్నం, వెంట్రుకలే పీచు. కొన్నాళ్లకి గోడ కట్టేస్తాయి. ఏదైనా ఆపేదల్లా పోగేస్తుంది కూడా. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

నేను చేసిన తప్పులు మీరు చెయ్యకుండా నాలుగు మాటలు. ఆ పొడుల్లో ఎక్కువగా ఉండేది కాస్టిక్ సోడా. నీళ్లు తగిలితేనే అది కుతకుతలాడుతుంది, పైగా మరిగే నీళ్లు పోస్తే ముఖం మీదికి చిమ్ముతుంది, పీవీసీ గొట్టం మెత్తబడుతుంది. బాత్రూమ్ యాసిడ్ వెంట్రుకల్ని ఏమీ చెయ్యదు, టైల్స్ మధ్య సిమెంటుని మాత్రం తినేస్తుంది. యాసిడూ, బ్లీచింగ్ పౌడరూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. పొడి పోశాక యాసిడ్ పొయ్యటం ఇంకా ఘోరం. కాబట్టి ముందు తీగ, తర్వాతే మిగిలినవన్నీ. ఇక అడ్డుపడకుండా ఉండాలంటే సన్న కన్నాల జాలీ వేసి, స్నానం కాగానే దాని మీద వెంట్రుకలు ఏరెయ్యటం. వారానికోసారి జాలీ లేపి కడగటం. నీళ్లు మెల్లగా పోతున్నాయని లోపలి గిన్నెని పీకి పారేసేవాళ్లున్నారు. నీళ్లు పోతాయి నిజమే, బొద్దింకలొస్తాయి.

మొహెంజొదారో వాళ్లకీ ఇది తెలుసు. నాలుగు వేల ఏళ్ల పైమాటే, ఇంటింటి స్నానాల గదుల్లోంచి వీధి కాల్వలోకి ఇటుకల దారులు కట్టారు. ఆ వీధి కాల్వల మీద మూతలేశారు, మధ్యమధ్య చెత్త దిగబడటానికి గుంటలు తవ్వారు. తవ్వకాల్లో బయటపడిన ఓ చిన్న విషయం నాకు తెగ నచ్చుతుంది: ఆ మూతలు లేపటానికి వీలుగా పెట్టినవి. అంటే కట్టేటప్పుడే దీన్ని ఎవరో ఒకరు మళ్లీ తియ్యాలి, కడగాలి అని ఆలోచించారన్నమాట.

* * * *

అమ్మ వాడిన మాట దగ్గరికొద్దాం. తూము. బాత్రూమ్‌లో కన్నమూ తూమే, డాబా మీద వాననీళ్లు పోయేదీ తూమే, వందల ఎకరాలు పారించే చెరువు కట్ట కింది రాతి కట్టడమూ తూమే. వడ్లు కొలిచే తూము ఇంకోటుంది: నాలుగు కుంచాలైతే తూము, ఇరవై తూములైతే పుట్టి. ఈ రెండు తూములకీ భాషలో చుట్టరికం ఉందో లేదో పండితులు తేల్చాలి. పొలంలో మాత్రం ఉంది. చెరువు తూము సరిగ్గా పారితేనే కళ్లంలో తూములు లెక్కకొచ్చేది.

వరంగల్ వాళ్లం కాకతీయుల పేరెత్తితే ఛాతీలు పొంగిస్తాం. కోటలో నాలుగు తోరణాల ముందు ఫొటో దిగని వాడుండడు. ఆ తోరణం 2014లో రాష్ట్ర చిహ్నంలోకీ ఎక్కింది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపొచ్చింది. మంచిదే. కానీ గుడి పక్కనే ఉన్న రామప్ప చెరువు ఈనాటికీ పొలాలు పారిస్తోంది. ఎనిమిదొందల ఏళ్లుగా 'ప్రొడక్షన్'లో ఉన్న వ్యవస్థ అది. మనం రాసిన ప్రోగ్రాములు ఎనిమిదేళ్లు ఆడితే గొప్ప.

ఎలా నిలబడింది? కట్ట గట్టిదవటం ఒక్కటే కారణం కాదు. చెరువుకి కట్టతో పాటు తూము ఉంటుంది, అవసరమైనంత నీళ్లు వదలటానికి. పాతకాలపు తూము పనితనం తమాషాగా ఉంటుంది: రెండు నిలువు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డ పలకలు, అడుగు పలకలో గుండ్రటి కన్నం, దానికి పొడుగాటి కర్రతో బిరడా. బిరడా లేపితే నీళ్లు, దించితే బంద్. రెండోది మత్తడి, కోస్తా వాళ్లు అలుగు అంటారు. నిండితే మిగులు నీళ్లు కట్ట తెంపకుండా పొర్లిపోయే దారి. ఆ పొర్లిన నీళ్లు వృథా కావు, కింది చెరువుకి పోతాయి. అది నిండితే దాని కిందిది. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. గొలుసులో ఒక చెరువు మత్తడి మరో చెరువుకి తల్లికాల్వ.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనముంది. విజయనగరం రాజకుమారుడు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి వేయించింది. అందులో మంచి చెరువుకి కావలసిన పన్నెండు అంగాలూ, తప్పించాల్సిన ఆరు దోషాలూ జాబితా వేసి మరీ చెక్కారు. కట్ట నుండి నీరు కారటం ఒక దోషం. నీళ్లు తక్కువై భూమి ఎక్కువవటం ఒకటి. దానికి తిరగేసిన దోషం కూడా చెప్పారు: నీళ్లు ఎక్కువై, వాటికి చాలినంత భూమి లేకపోవటం. దీన్నీ గుర్తుంచుకోండి. వెయ్యి మంది కూలీలు రెండేళ్లు పని చేశారని కూడా అందులో ఉంది. చక్కటి డాక్యుమెంటేషను!

మరి పూడిక? ఆపేదల్లా పోగేస్తుందనుకున్నాం కదా. నీళ్లనాపే చెరువు మట్టినీ ఆపుతుంది. ఎండాకాలం చెరువు తగ్గగానే రైతులు బండ్లు కట్టుకెళ్లి ఆ ఒండ్రు తవ్వి పొలాలకి తోలుకునేవారు. చెరువుకి చెత్త, చేనుకి ఎరువు. పైగా చెరువు తవ్వించినవాడికో, బాగు చేయించినవాడికో దశబంధ మాన్యం ఉండేది, అంటే రాబడిలో పదో వంతు లెక్కన భూమి మీద హక్కు. ఇక రోజువారీ తూము పనికి మనిషి ఉండేవాడు. మా వైపు నీరడి అంటారు. ఏ మడికి ఎన్ని నీళ్లు, ఎప్పుడు బిరడా లేపాలి, కట్ట మీద ఎలుక బొక్క ఎక్కడ పడింది, మత్తడికి ఏం అడ్డుపడింది, అన్నీ అతని లెక్కే. పంట రాగానే కళ్లం దగ్గర అతనికి మేర కింద వడ్లు కొలిచేవారు.

ఇదంతా స్వర్ణయుగమని చెప్పబోవటం లేదు. ఆ నీరడి ఎక్కువగా ఊరవతల వాడే. అతను పారించిన నీళ్ల బావిలో చేద వేసే హక్కు అతనికి ఉండేది కాదు. నిజాం కాలంలో ఇలాంటి ఊరి పనులు చాలావరకు వెట్టి కింద నడిచాయి. వ్యవస్థలో మంచి ఉంది, ఆ మంచి ఎవరి వీపు మీద నడిచిందో కూడా చెప్పుకోవాలి. నేననేది ఒక్కటే: తూము అనే వస్తువుతో పాటు తూముకొక మనిషి అనే ఆలోచన వాళ్లకుంది. మనం వస్తువు ఉంచుకుని మనిషిని తీసేశాం. తెలంగాణలో ఈ నీరడుల పరంపర గ్రామ రెవెన్యూ సహాయకుల దాకా నడిచి, 2023లో వాళ్లని వేరే శాఖల్లో సర్దెయ్యటంతో ముగిసింది. వాళ్లకి సరైన ఉద్యోగాలొచ్చాయి, సంతోషం. ఆ తూముల దగ్గర ఇప్పుడెవరున్నారు?

* * * *

గొలుసు తెగితే ఏమవుతుందో 1908లోనే చూశాం. సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాదుని ముంచింది. మర్నాటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిపించిన విశ్వేశ్వరయ్య లెక్క తీస్తే, నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని తేలింది. పైది తెగితే ఆ బరువంతా కిందిదాని మీద. ఆయన సలహా మీదే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి, హైదరాబాదు భూగర్భ డ్రైనేజీ పథకమూ తయారయింది.

వరంగల్ కథ వేరు. ఇక్కడ చెరువులు తెగలేదు, మెల్లగా మాయమయ్యాయి. బోర్లొచ్చాక చెరువుతో రైతుకి పని తగ్గింది. ఊరు పెరిగాక శిఖం భూములు ప్లాట్లయ్యాయి. మత్తడి కాల్వ నాలా అయింది, నాలా మోరీ అయింది, మోరీ కాంక్రీటు కింద కనపడకుండా పోయింది. నీళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అవి పాత దారినే వచ్చాయి. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగి హన్మకొండ కాలనీలు మునిగాయి. అప్పటి మంత్రి కేటీఆర్ వచ్చి చూసి, నాలాల మీది ఆక్రమణలు తొలగించమన్నారు. మూడేళ్లకి, 2023 జులైలో మళ్లీ అదే సీను, ఇంకా పెద్దగా. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. బొందివాగు పొంగి హంటర్ రోడ్డు చెరువయింది. జులై 29న భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. 2025 అక్టోబర్లో మొంథా తుఫానుకి మరోసారి పడవలొచ్చాయి.

పనులేమీ జరగలేదంటే అబద్ధమవుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీస్తామంది, చాలా చోట్ల తీసింది కూడా. 2024లో నయీంనగర్ పాత వంతెన కూల్చి కొత్తది కట్టారు, నాలాకి గోడలు లేపారు. అదే ఏడాది చివర్లో భద్రకాళి చెరువు ఖాళీ చేసి పూడిక తియ్యటం మొదలెట్టారు. ఇవన్నీ అవసరమే. కానీ గమనించండి, ఇవన్నీ వరదొచ్చాక వచ్చిన ప్లంబర్లు. వారానికోసారి జాలీ లేపే మనిషి వీటిలో ఎక్కడా లేడు. కట్టటానికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకముంటుంది. కడగటానికి ఏ ఫలకం వేస్తారు? మన కంపెనీల్లోనూ అంతే కదా. కొత్త ప్రాజెక్టంటే ఎగబడతాం, మెయింటెనెన్సులో పడేస్తే ముఖం మాడ్చుకుంటాం.

* * * *

పైగా ఈ 'చెయ్యి పెట్టటం' దగ్గర మన దేశంలో ఇంకో లెక్కుంది. చెయ్యి ఎవరిది? కోలార్ బంగారు గనుల్లో మలం ఎత్తే పనిలో ఉన్న తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా ఈ ప్రశ్నే అడిగాడు. ఆంధ్రప్రదేశ్‌లో పని చేసి రిటైరైన ఐఏయెస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఆయనకి తోడు నిలబడ్డారు. వాళ్ల సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీం కోర్టుకెళ్తే తీర్పు 2014లో వచ్చింది: 1993 నుండి మురుగు గుంతల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షలివ్వాలని. 2023 అక్టోబర్లో కోర్టు దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. రక్షణ ఏర్పాట్లు లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి, మ్యాన్‌హోళ్లలోకి మనిషిని దించటాన్ని 2013 చట్టమే నిషేధించింది. ఐనా చావులాగలేదు.

వరంగల్లో ఇది మరీ దగ్గరి విషయం. దశాబ్దాలపాటు ఇక్కడ దాదాపు ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకే దిక్కు. ఆ వ్యర్థాలు ఎవరు, ఎలా తియ్యాలి, ఎక్కడ పొయ్యాలి అని నగరపాలక సంస్థ 2016లో ప్రత్యేకంగా నిబంధనలు పెట్టింది, 2017లో శుద్ధి కేంద్రం నడిపించింది. దేశంలో ఈ దారిలో ముందు నడిచిన నగరాల్లో మనదొకటి. తోరణాలకి పొంగే ఛాతీ దీనికీ కొంచెం పొంగొచ్చు, తప్పు లేదు.

* * * *

మళ్లీ ప్లంబరు ప్రశ్న. బయటిది ఎవరు తీయాలె?

మొదట నాక్కోపమొచ్చింది. పన్ను కడుతున్నాం కదా, పక్క కాల్వ తియ్యటం వాళ్ల పని కాదా! ఆ ఊపులోనే గేటు బయటికెళ్లి కాల్వ ఎక్కడుందని వెతికాను. లేదు. గేటు నుండి రోడ్డు దాకా నున్నటి కాంక్రీటు ర్యాంపు. మొదటి కారు కొన్నప్పుడు మేమే పోయించాం. బండి ఎక్కటానికి వీలుగా కాల్వ మొత్తం కప్పేసి, పైన గీతలు కూడా గీయించాం జారకుండా. మా వీధిలో ప్రతి ఇంటి ముందూ అలాంటిదే. పార వేసే సందు లేదు, గునపం దిగే కన్నం లేదు. శుభ్రం చేసే మనిషి వచ్చినా ఎక్కడ చెయ్యి పెడతాడు? పైగా ఒకదాని మీద ఒకటి సీసీ రోడ్లు వేసి, వీధి మా గడప కంటే జానెడు ఎత్తయింది. వానొస్తే కాల్వ మింగదు, నీళ్లు వెనక్కి తిరిగి నానీ ట్రాపులోంచి పైకొస్తాయి. మొహెంజొదారో వాళ్లు లేపటానికి మూతలేశారు. మేం సమాధి కట్టాం.

నీళ్లు ఎక్కువై, వాటికి చాలినంత భూమి లేకపోవటం. శాసనం చెప్పిన దోషాన్ని మేం ఇంటి ముందు ఖర్చు పెట్టి మరీ పోయించుకున్నాం.

మర్నాడు ఇద్దరు మనుషుల్ని పెట్టి ర్యాంపు పగలగొట్టించాను. వాళ్లతో పాటు తొడుగులు వేసుకుని నేనూ పార పట్టాను. అమ్మ గుమ్మంలో నిలబడి నవ్వుతూనే ఉంది. లోతు రెండడుగులే, వీధి కాల్వ. ఇసుక, ప్లాస్టిక్ సంచులు, ఓ చెప్పు, పిల్లల బంతి, ఎన్నేళ్ల నాటిదో సిమెంటు గడ్డ. దాని మీద ఇప్పుడు కొక్కేలున్న మూడు పలకలు పరిపించాం. ఇద్దరు పట్టుకుంటే లేస్తాయి. కారు ఎక్కుతుంది, పారా దిగుతుంది.

ఎంత పూడిక వచ్చిందంటారా? తూములతో కొలిస్తే పుట్టి పైమాటే.

మా ఇంటి ముందు ఇప్పుడు నీళ్లు చక్కగా పారుతున్నాయి. పారి, పక్కింటి వాళ్ల ర్యాంపు దగ్గర ఆగుతున్నాయి. వాళ్లని అడిగాను. 'మీ కింద ఇంటివాళ్లు తీస్తే మేమూ తీస్తం' అన్నారు. ఆ కింద ఇంటివాళ్లూ అదే మాటంటారని తెలుసు. గొలుసుకట్టు కదా. వచ్చే వానాకాలం లోపు వీధి చివరి ఇంటి నుండి మొదలెట్టి ఒక్కొక్కరినే అడుగుతూ పైకి రావాలని అనుకుంటున్నాను. కాల్వ శుభ్రం చెయ్యాలంటే ఎప్పుడూ కింది నుండే మొదలెట్టాలట. ఇది కూడా ఆ ప్లంబరు పెద్దాయనే చెప్పాడు.